పైకప్పు తాగిన సిమా

"సూప్ వండిన గిన్నె ఎక్కడుంది?"

ఆసుపత్రి వరండాలో ఓస్మో కార్పి నన్ను అడిగిన మొదటి మాట ఇది. అద్దం తలుపు అవతల నా చెల్లెలు సైయా నోట్లో గొట్టంతో, ఒంటిమీద తెలివి లేకుండా పడి ఉంది. ఈయనగారికి గిన్నె కావాలి.

"సింకులో ఉంది. ఇంకా కడగలేదు. కావలిస్తే నాకి చూడు" అన్నాను.

"ఆ పని లాబ్‌వాళ్లు చేస్తార్లే. తాళంచెవి ఇటివ్వు."

ఇచ్చాను. ఓస్మోదీ నాదీ ఒకే పోలీసు శాఖ, ఒకే అంతస్తు. మూడేళ్ల కిందట నేరవిభాగం అధికారి కుర్చీ తనదేనని అందరికీ చెప్పుకుని తిరిగాడు. ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. అప్పటినుంచీ ఇర్మెలి రౌహాల అన్న పేరు వింటే అతనికి పంటికింద రాయి పడ్డట్టే ఉంటుంది.

"విను ఇర్మెలి. పడిపోయింది నీ చెల్లెలు. వండింది నువ్వు. కాబట్టి ఈ కేసులో నువ్వు పోలీసువి కావు. చెల్లెలి మంచం పక్కన కూర్చుని ఏడుద్దామన్నా అనుమానితురాలివి. రెంటికీ చెడ్డ రేవడివైపోయావు. ఇంటికెళ్లి కూర్చో."

"రెండుసార్లు ఉడకబెట్టాను ఓస్మో."

"అందరూ అలాగే అంటారు తల్లీ. ప్రతి వసంతంలోనూ ఎవరో ఒకరు ఒక్కసారి ఉడకబెట్టి రెండుసార్లంటారు."

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. మా దేశంలో చెవిపుట్టగొడుగు అంటే ప్రాణం. మంచు కరగ్గానే ఇసుకనేలల్లో మొలుస్తుంది, చెవి తమ్మెలా ముడతలు పడి ఉంటుంది. పచ్చిది తింటే చావే. కిటికీలు తెరిచి, బోలెడు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, కడిగి, మళ్లీ కొత్తనీళ్లలో ఉడికించి, ఆ నీళ్లూ పారబోయాలి. అక్షరాలకంటే ముందు మా అమ్మ మాకు నేర్పిన చదువు అది. నిన్న వప్పు పండుగకు, అంటే మే ఒకటి వసంతోత్సవానికి, ముందురోజు కదా అని, బజారులో తొలికాపు దొరికితే కొని, అమ్మ చెప్పినట్టే చేసి, సూప్ వండి సైయాను భోజనానికి పిలిచాను. తెల్లవారి సైయా పక్కింటావిడ తలుపు తీస్తే వాళ్ల మెట్ల మీద సైయా స్పృహ లేకుండా కనిపించిందట.

డాక్టర్ సెల్మా బయటికి వచ్చింది. రాత్రంతా నిద్రలేని కళ్లు.

"చెవిపుట్టగొడుగు విషానికి ఏ మందు ఇవ్వాలో అదే ఎక్కిస్తున్నాం. పనిచేస్తుంటే ఈపాటికి కాస్తయినా నిలదొక్కుకోవాలి. కాలేయం గంటగంటకీ దిగజారుతోంది."

"అంటే విషం అది కాదేమో?"

"కాకపోతే దాని పేరు చెప్పు. పేరు తెలిస్తే రక్తం వడకట్టే పద్ధతి వేరు, ఇచ్చే విరుగుడు వేరు. తెలియకుండా గుడ్డిగా మొదలుపెడితే ఈ స్థితిలో ఆమె తట్టుకోలేదు."

"రక్తంలో వెతకండి!"

"దేని కోసం వెతకమంటావు? విషాలు వేలున్నాయి. ఫలానాది అంటే గంటలో తేలుస్తాం. ఊరికే వెతికితే వారం పడుతుంది. నీ చెల్లెలికి వారం లేదు ఇర్మెలి, సాయంత్రం వరకే ఉంది."

 గోడ పట్టుకుని నిలబడి, పదిహేనేళ్ల ఉద్యోగం అలవాటు చేసిన ప్రశ్న ఒకటి అడిగాను. "ఆమె చెవిపుట్టగొడుగులు తిందని మీకు ఎవరు చెప్పారు? నేను వచ్చేసరికే ఆ మందు ఎక్కుతోంది."

"పొద్దున ఫోన్ వచ్చింది. మగ గొంతు. రౌహాల వాళ్ల బంధువునన్నాడు."

"మాకు మగ బంధువులు లేరు. అమ్మా నాన్నా పోయాక ఇద్దరమే."

సెల్మా భుజాలెగరేసి లోపలికి వెళ్లిపోయింది. ఓస్మో చెవి వెనక గోక్కున్నాడు. అతను చెవి గోక్కున్నాడంటే ఏదో నచ్చలేదన్నమాట. కానీ నాకు ఆ సంగతి ఆలోచించే ఓపిక లేదు.

నిజానికి నన్ను తొలుస్తున్నది వేరు. సైయా నిన్న నా బల్ల దగ్గర మూడు చెంచాలకు మించి తినలేదు. "కడుపులో ఏదోలా ఉందక్కా" అని పళ్లెం పక్కకు నెట్టింది. మిగిలిందంతా నేనే తిన్నాను. నేను గుండ్రాయిలా ఉన్నాను. మూడు చెంచాలు తిన్నది చావుబతుకుల్లో ఉంది. అంటే నా ఇంటికి రాకముందే దానికి కడుపులో ఏదోలా ఉంది. నా ఇంటికి రాకముందు అది ఎక్కడుంది?

అప్పుడు గుర్తొచ్చింది ఫోన్. నిన్న సాయంత్రం బయల్దేరే ముందు చేసింది. వప్పుకు ఇంటింటా కాచే నురగల నిమ్మపానీయం సిమా గురించి, ఎప్పటిలాగే పగలబడి నవ్వుతూ.

"అక్కా, ఈ ఏడాది మా ఆఫీసు సిమా నాకంటే పైకప్పే ఎక్కువ తాగేసింది! మూత తిప్పానో లేదో బుస్సున లేచింది. ఎండుద్రాక్షకి బూజు పట్టినట్టుంది. మా బూజు పిల్లలు సీసాలోక్కూడా వచ్చేశాయి."

"ఛీ, పారబొయ్యి."

"ఎందుకూ? వాటివల్ల ఏమీ కాదు. అడుగున మిగిలింది తాగేశాను."

నేను కారు దగ్గరికి పరుగెత్తాను.

*

నా చెల్లెలు బతుకంతా బూజుతోనే. ఎస్పోలో ఒక చిన్న కంపెనీలో పరిశోధన. బూజు, పుట్టగొడుగు ఏదైనా తడిలో పుట్టి గాలిలోకి రావాలంటే ముందు నీటి పైపొరను చీల్చుకోవాలి. అందుకోసం ఒక ప్రొటీన్‌ను బయటికి వదులుతుంది. దానికి ఒక పక్క నీళ్లంటే ఇష్టం, రెండో పక్కకు నీళ్లంటే గిట్టదు. అందుకని అవన్నీ నీటి పైకి తేలి, గిట్టని పక్కను గాలివైపు తిప్పి, భుజం భుజం కలిపి నిలబడతాయి. తేనెపట్టు గదుల్లా వరసలు. కంటికి కనబడనంత పల్చటి పొర, కానీ గట్టిది. "ఎవరూ నిలబెట్టరక్కా. వాటంతట అవే బారులు తీరతాయి. మీ పోలీసు పెరేడ్ వాటి ముందు దిగదుడుపే" అనేది. మరిగించినా చావవు, గాజైనా గుడ్డైనా దొరికినదాన్నల్లా పట్టుకుంటాయి అని మురిసిపోయేది. బీరు కాచేవాళ్లకు మాత్రం అవంటే హడల్. బార్లీకి బూజు పట్టి ఆ ప్రొటీన్ చిటికెడు బీరులో పడినా, గ్యాసు బుడగలన్నిటికీ పొర తొడిగి కూర్చుంటుంది. మూత తీసిన క్షణంలో సీసా మొత్తం పైకి ఎగజిమ్ముతుంది. ఆ సంగతి సైయాకు తెలుసు. ఆ తెలివే దాని కొంప ముంచిందని నాకు ఇంకా తెలియదు.

పండుగ రోజు కంపెనీ మూసి ఉంటుందనుకున్నాను. తలుపు తెరిచే ఉంది. గడపలో మగవాళ్ల బూట్లు ఒక జత. నేనూ బూట్లు విప్పి కాఫీగదిలోకి వెళ్లాను.

గది మధ్యలో నిచ్చెన. నిచ్చెన మీద ఉన్ని మేజోళ్లతో కంపెనీ యజమాని తోర్స్తి నీనిమా. చేతిలో తడిగుడ్డ. పైకప్పు మీద లేత పసుపు మరక సగం తుడిచేశాడు, సగం మిగిలింది.

"అయ్యో, ఇర్మెలి గారు! సైయా సంగతి ఇప్పుడే తెలిసింది. ఎలా ఉంది?" కంగారుగా దిగాడు. అతను శాస్త్రవేత్త కాడు. ఇంతకుముందు రంగుల కంపెనీలో అమ్మకాలు చూసేవాడు. పెట్టుబడి పట్టుకొచ్చి ఈ కంపెనీకి అధిపతి అయ్యాడు. బూజు గురించి సైయా చెప్పబోతే గడియారం చూసుకుంటాడట.

"బతికే ఉంది. పండుగనాడు పైకప్పు తుడుస్తున్నారేం?"

"సోమవారం పెట్టుబడిదారులు వస్తున్నారు. మరక బాగుండదు కదా. అక్క ఇంట్లో పుట్టగొడుగుల సూప్ అని నిన్న తనే చెప్పింది. చెవిపుట్టగొడుగులతో చెలగాటం అండీ, మా మేనత్త కూడా..."

"నా సూప్ వల్ల కాదు. అదే గిన్నెలోది నేనూ తిన్నాను. దానికంటే ఎక్కువ తిన్నాను. నాకేం కాలేదు."

తోర్స్తి నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు. తర్వాత చాలా మెత్తగా అడిగాడు. "కాఫీ తాగుతారా?"

ఈ దేశంలో ఆస్తి వద్దనొచ్చు, కాఫీ వద్దనకూడదు. వద్దంటే మాటలు అక్కడితో అయిపోయినట్టే. నాకు మాటలు కావాలి. "పాలు వద్దు" అన్నాను. అతను మూలనున్న గట్టు దగ్గర నాకు వీపు తిప్పి, ఫ్లాస్కులోంచి పోసి, కప్పు తెచ్చి ముందు పెట్టాడు. తనకూ ఒకటి తెచ్చుకున్నాడు. రాత్రినుంచి నోట్లో చుక్క పడలేదు. గడగడా సగం తాగేసి అడగడం మొదలుపెట్టాను.

"సిమా ఎవరు కాచారు?"

"నేనే. ప్రతి ఏడూ ఇంట్లో నేనే కాస్తాను. నిమ్మకాయలు, పంచదార, కాస్త ఈస్టు. సీసాలో పోసి నాలుగు ఎండుద్రాక్షలు వేస్తాను. ద్రాక్ష పైకి తేలితే తయారైనట్టు. మా అమ్మ పద్ధతి."

"ఎన్ని సీసాలు?"

"మనిషికొకటి. ఎనిమిది. ఎవరి పేరు వాళ్ల సీసా మీద రాస్తాను, వాళ్లకదో సరదా."

"అంతా ఒకే బకెట్ లోంచి పోశారా? ఒకే పొట్లం ద్రాక్ష?"

"అవును."

"మధ్యాహ్నం మిగిలినవాళ్లు వాళ్ల సీసాలు తీసినప్పుడు ఎన్ని పొంగాయి?"

అతను చెంచాతో కాఫీ తిప్పాడు. "ఏదీ పొంగలేదనుకుంటా."

"సైయా ఎప్పుడు తీసింది?"

"నాలుగింటికి. ఏదో ప్రయోగం మధ్యలో ఉంది, అందరితోపాటు రాలేదు. మిగిలినవాళ్లు, ఏటా వప్పుకు విద్యార్థులు విగ్రహానికి టోపీ పెట్టే తంతు చూడ్డానికి ఊళ్లోకి వెళ్లిపోయారు."

"అంటే అప్పుడు గదిలో మీరిద్దరే."

"నేను ఊరికే... తోడుగా కూర్చున్నాను."

"దాని సీసా ఒక్కటే పైకప్పుకి ఎగిరింది. ఎందుకు?"

"పంచదార ఎక్కువైందేమో."

"ఒకే బకెట్ అన్నారుగా. పంచదార దాని పేరు వెతుక్కుంటూ ఆ సీసాలోకే వెళ్లిందా?"

"సరే, ద్రాక్ష బూజు పట్టిందేమో! తనే అంది, నవ్వుతూ అంది. మీరు నన్ను నేరస్థుణ్ణి అడిగినట్టు అడుగుతున్నారు."

"ఆ సీసా ఏది?"

"కడిగేసి బాటిళ్ల డబ్బాలో పడేశాను. అన్నిటితోపాటే."

నాలుగు మూలలూ చూశాను. బల్ల తుడిచాడు, నేల తుడిచాడు, గోడ తుడిచాడు. పనిమంతుడు. కానీ మగవాడు, ఇల్లు తుడిచే అలవాటు లేనివాడు; కంటికి ఎదురుగా ఉన్నదే తుడుస్తాడు. నేను నిచ్చెనెక్కాను. వేలాడే దీపం గొడుగు పైభాగం ఎవరూ చూడరు. అక్కడ జిగటగా ఎండిన చారిక, అందులో అతుక్కుని రెండు ఎండుద్రాక్షలు. రుమాలుతో తీసి వాసన చూశాను. నిమ్మ వాసన, తీపి వాసన. చీల్చి చూశాను. బూజు జాడ లేదు. కొత్త పొట్లంలోంచి తీసినట్టు నిగనిగలాడుతున్నాయి.

ప్రొటీన్ ద్రాక్ష లోంచి రాలేదు. ఎవరో పోశారు. ఆ ప్రొటీన్ ఒక్కటే పోస్తే మనిషి చావడు. దాని లోపల ఇంకేదో ఉండాలి.

సైయా నిన్న బల్ల దగ్గర అన్నది కూడా అప్పుడే తలకెక్కింది. కంపెనీ కొత్త మందు ఒకటి చేస్తోంది. అసలు మందు నీళ్లలో కరగదు, రాయిలా అడుగున కూర్చుంటుంది. బూజు ప్రొటీన్‌తో దాని పొడికి చొక్కా తొడిగితే నీళ్లలో కలిసిపోతుంది, ఒంట్లోకి సులువుగా వెళుతుంది. వచ్చేనెల నుంచి మనుషుల మీద పరీక్షలు. "ఎలుకలు కాలేయం పాడై చస్తున్నాయక్కా. సోమవారం అందరిముందూ చెప్పేస్తాను" అంది. పోలీసు అక్కను, వినాల్సింది పోయి, సూప్ చల్లారుతోందన్నాను.

నిచ్చెన దిగాను. "సైయా సోమవారం ఏం చెప్పబోతోందో మీకు తెలుసు."

"ఎలుకల గొడవా? ఎలుకలు చస్తాయండీ. అందుకేగా వాటిని పెంచేది."

"ఆ మందు పేరేమిటి?"

"మా వాళ్లకు అంకెల గుర్తే తెలుసు. అసలు పేరు తెలిసింది సైయాకీ నాకూ మాత్రమే. కంపెనీ రహస్యం."

నేను ఇరవైమంది హంతకులతో కూర్చుని మాట్లాడినదాన్ని. ఎవరి ముందూ గొంతు వణకలేదు. అప్పుడు వణికింది. "తోర్స్తి గారూ. కేసు వద్దు, అరెస్టు వద్దు. మీరు చేశారని కూడా నేను అనను. ఆ పేరు ఒక్కటి చెప్పండి. ఆసుపత్రికి ఫోన్ చేసి చెబుతాను, అంతే. దానికి ముప్పైనాలుగేళ్లండీ. నాకు అది తప్ప ఎవరూ లేరు. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"మీరు దుఃఖంలో ఉన్నారు" అన్నాడు. నిజంగానే జాలిపడుతున్నట్టు అన్నాడు. "కాఫీ చల్లారిపోతోంది."

*

"దరిదాపుల్లో ఉండొద్దన్నానా లేదా?"

గుమ్మంలో ఓస్మో. బూట్లు చేత్తో పట్టుకున్నాడు.

"ఓస్మో, ఇటు చూడు. ఎనిమిది సీసాలు, ఒక్కటే పొంగింది. ఈ ద్రాక్షకు బూజు లేదు. ఈయన పండుగనాడు పైకప్పు..."

"సిమా పొంగడం నేరమైతే మా అమ్మను ఎప్పుడో జైల్లో పెట్టాలి. పద బయటికి. ఇంకో మాట మాట్లాడితే పైవాళ్లకు చెప్పాల్సొస్తుంది."

"చెప్పుకో! కుర్చీ తీసుకో! రేపట్నుంచి నువ్వే కూర్చో, నేను దండం పెట్టి వెళ్లిపోతాను. ఇవాళ ఒక్కరోజు నన్ను నమ్మి చావు!"

 నేను అరవడం అతను ఎప్పుడూ వినలేదు.

"కాఫీ తాగుతారా సార్?" అన్నాడు తోర్స్తి.

"ఇవ్వండి. నల్లగా" అన్నాడు ఓస్మో. ఎంత కోపంలో ఉన్నా మావాడు మావాడే. తోర్స్తి ఫ్లాస్కు బల్ల మీదికి తెచ్చి, ఈసారి మా ఎదుటే కప్పులో పోశాడు. ఓస్మో ఒక గుక్క తాగి, కూర్చున్నాడు. నా వైపు చూడకుండా అతన్ని అడిగాడు.

"ఈ భవనంలో మామూలు టెలిఫోన్ ఒకటే ఉందా?"

"అవును. ఇదుగో, ఈ గదిలోదే."

"ఇవాళ పొద్దున ఆరున్నరకు ఆసుపత్రికి ఎవరో ఫోన్ చేశారు. సైయా రౌహాల చెవిపుట్టగొడుగులు తిని జబ్బుపడింది, తీసుకొస్తున్నారు అని. ఆ ఫోన్ ఇక్కణ్ణుంచే వెళ్లింది."

"కంగారులో నేనే చేసి ఉంటాను. సాయం చేద్దామని..."

"మంచి మనసు. ఒక్కటే అర్థం కావట్లేదు." ఓస్మో చెవి వెనక గోక్కున్నాడు. "పక్కింటావిడ తలుపు తీసి ఆమెను చూసింది ఏడుంబావుకి. ఆరున్నరకు ఆమె పడిపోయిన సంగతి ఆ మెట్లకు తప్ప ఎవరికీ తెలియదు. మీకెలా తెలిసింది?"

 తోర్స్తి మొహంలో ఏమీ మారలేదు. అతను ఓస్మోను చూడటం లేదు. నన్నూ చూడటం లేదు. నా కప్పును చూస్తున్నాడు.

నేనూ చూశాను.

సగం కాఫీ ఉంది. అంచుల వెంబడి బుడగలు. అతను కాఫీ ఇచ్చి ఎంతసేపైంది? సీసాల లెక్క అడిగాను, నిచ్చెనెక్కి దిగాను, ఏడ్చాను, ఓస్మోతో పోట్లాడాను. కాఫీ బుడగ ఇంతసేపు బతకదు. పైగా ఇవి గుండ్రంగా లేవు. బియ్యపు గింజల్లా కోలగా సాగి, అలాగే బిగుసుకుపోయి ఉన్నాయి. ఓస్మో కప్పు వంక చూశాను. ఇప్పుడే పోసింది, అదే ఫ్లాస్కు, అదే కాఫీ. అంచున ఒక్క బుడగ లేదు, ఎప్పుడో చిట్లిపోయాయి.

చెంచా తీసి నా కాఫీ పైన మెల్లగా ఆనించి నెట్టాను. పైన ఏదో ముడత పడింది. కాగిన పాల మీద మీగడను నెడితే పడుతుందే, అలాంటి ముడత. నేను పాలు వేసుకోలేదు.

బారులు తీరి నిలబడ్డాయి. ఎవరూ నిలబెట్టకుండానే. సైయా ఎన్నోసార్లు గాజుపలక మీద నీటిబొట్టు పెట్టి, గుండుసూదితో నెట్టి ఈ ముడత చూపించేది. నేను ఆవలించేదాన్ని.

అతను పోసింది ఎప్పుడో, ఎందుకో రెండూ ఒక్కసారే అర్థమయ్యాయి. అదే సూప్ తిన్నాను, నాకేం కాలేదు అని నేనే చెప్పాను. సూప్‌ను నిర్దోషిని చేసే సాక్ష్యం ఈ భూమ్మీద ఒక్కటే, నా ఆరోగ్యం. ఈ రాత్రికి నేనూ నా చెల్లెలిలాగే పడిపోతే ఇక అడిగేవాళ్లుండరు. అక్కా చెల్లెళ్లు సరిగ్గా ఉడకని పుట్టగొడుగులు తిని పోయారు పాపం, అంటారు. సిమాలో పోస్తే పైకప్పుకి ఎగురుతుందని నిన్న అతనికి తెలియదు, తన సరుకు సంగతి తను వినడు కనక. నవ్వుతూ చెప్పింది సైయాయే. బూజు ద్రాక్ష అనుకుని, బూజు ప్రొటీన్ ఏమీ చేయదని తెలిసి, ధీమాగా మిగిలింది తాగింది. ఏమీ తెలియనివాళ్లెవరైనా అయితే పారబోసి బతికేవాళ్లు. ఇవాళ అతను గ్యాసు లేనిదాంట్లో పోశాడు.

"ఓస్మో" అన్నాను.  "నా కప్పులో కలిపాడు. సైయాకు ఇచ్చిందే."

ఓస్మో కుర్చీ వెనక్కి పడింది. తోర్స్తి చెయ్యి నా కప్పు మీదికి వచ్చింది, ఒలకబోయడానికి. అంతకంటే ముందు నేను సాసర్ తీసి కప్పు మీద బోర్లించి, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. ఓస్మో అతని మణికట్టు పట్టుకుని బల్లకేసి అణిచాడు.

"పేరు చెప్పు!" అరిచాడు ఓస్మో. "ఒరేయ్, మందు పేరు చెప్పు!"

తోర్స్తి చెంప బల్లకు ఆనించి, అలాగే నా వంక చూశాడు. ఆ కళ్లలో కోపం లేదు. రంగు డబ్బా ధర చెబుతున్నవాడిలా చెప్పాడు.

"మీ చెల్లెలి సీసాలో ముప్పావు వంతు పైకప్పుకి పోయింది ఇర్మెలి గారూ. మీ కప్పు పొంగలేదు."

ఓస్మో నన్ను చూశాడు. అతని మొహం పాలిపోయింది. సైయా తాగినదానికి ఎన్నింతలు నా కడుపులో ఉందో అతనూ లెక్కేసుకుంటున్నాడు. నాకూ భయం వేసింది. చాలా భయం వేసింది. నోటిలో కాఫీ రుచి ఇంకా ఉంది.

కానీ ఆ భయం కింద పొద్దుటినుంచీ లేనిది ఒకటి కదిలింది. సీసా కడిగేశాడు, బల్ల తుడిచాడు, పైకప్పు సగం తుడిచాడు. రెండు ఎండుద్రాక్షల్లోంచి పేరు తీయడానికి ఎన్ని రోజులో అని గుండె జారిపోయింది నాకు. ఇప్పుడు అతనే, తన చేత్తో, కప్పునిండా పోసి నా ముందు పెట్టాడు. సెల్మాకు వెతకడానికి ఇక వేల విషాలు అక్కర్లేదు. రక్తంలో జాడ కోసం తడుముకోనక్కర్లేకుండా చిక్కటి సరుకే చేతికిస్తే పేరు గంటల్లో తేలుతుంది. సగం కప్పులో ఉంది, సగం నాలో ఉంది.

"వీణ్ణి గోడవారనున్న వేడినీళ్ల గొట్టానికి సంకెలేసి ఇంకో బండి పిలువు. నన్ను నువ్వు తీసుకెళ్లు. సాయంత్రం లోపు ఆసుపత్రిలో ఉండాలి" అన్నాను. "దార్లో నేను పడిపోయినా నా కోసం ఆగకు. నేను కాదు ముఖ్యం, ఇది."

సాసర్ మూసిన కప్పును అతని చేతుల్లో పెట్టాను. పొద్దున నా సూప్ గిన్నె అడిగిన మనిషి, ఆ కాఫీ కప్పును రెండు చేతులా గుండెకు ఆనించుకుని పట్టుకున్నాడు. 

"ఒలక్కుండా" అన్నాను.

"ఒలకదు ఇర్మెలి" అన్నాడు ఓస్మో. బూట్లు వేసుకోకుండానే మంచుతడి నేల మీదికి పరుగెత్తాడు.